చిలకల వెనక తెల్లరంగు

జూన్ 4, ఆదివారం

ఈసారి ఆరు ప్లేట్లకీ వెనక తెల్లరంగు చిట్టే వేసేసింది.

మేమిద్దరం ఈ గాజు ప్లేట్ల పని మొదలుపెట్టి ఆరేళ్ళు. నాన్న గీసిన పాత లేబుళ్ళ రంగు జిరాక్సుల్లోంచి బొమ్మలు కత్తిరించడం, గాజుకి అతికించడం నా చెల్లెలు చిట్టి వంతు. వెనక రంగు, దాని మీద వార్నిష్ నా వంతు. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టింది లేదు. ఇవాళ లేచేసరికి ఆరూ బల్ల మీద బోర్లించి ఉన్నాయి. తెల్లగా, ఆరిపోయి.

"ఇదేమిటే?" అన్నాను.

"నీ కళ్ళకి శ్రమ తగ్గుతుందని, అక్కా. నువ్వు పైన ఆకుపచ్చ వేస్తే చాలు."

కళ్ళజోడు మార్పించుకోవాలని నేను మార్చి నుంచీ అంటున్నాను. అప్పుడు లేని దయ.

ఆకుపచ్చ వేశాను. ప్రార్థనలో మనసు నిలవలేదు.

జూన్ 5, సోమవారం

జిరాక్సు కాగితం వెనక ఏముంటుంది? ఏమీ ఉండదు. బొమ్మ ముఖానికి జిగురు రాసి గాజు వెనక అంటిస్తాం. ముందునుంచి చూసేవాళ్ళకి బొమ్మ కనిపిస్తుంది. వెనక కూర్చునేవాళ్ళకి కాగితం వీపు. ఆ వీపు చూసే మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పుడు నాకూ చూపించడం లేదు.

అనుమానం కాదు. రాసిపెట్టుకుంటున్నాను, అంతే.

జూన్ 7, బుధవారం

మందుల షాపు నుంచి చిట్టి ఎనిమిదింటికి వచ్చింది. రోజూ ఏడున్నరకి వస్తుంది. అడగలేదు. అదీ చెప్పలేదు. కౌంటరు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి. బకెట్లో వేడినీళ్ళు పోసి ఇచ్చాను. కాళ్ళు అందులో పెట్టుకుని, "నువ్వు మంచిదానివక్కా," అంది.

మెచ్చుకోలా, వెక్కిరింతా? దాని ముఖం చూశాను. ఏమీ తెలియలేదు.

జూన్ 11, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. చిట్టి స్నానానికి వెళ్ళేదాకా ఆగి, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"అక్కా, నాన్న లేబుళ్ళ పెట్టె ఒకసారి చూసుకున్నావా?"

"ఎందుకు చూసుకోవాలి?"

"మా ఆవిడ బుధవారం బజార్లో చిట్టిని చూసిందట. పాత లేబుళ్ళు పోగుచేస్తాడే, ఆ గడ్డపాయనతో. అరగంట నిలబడి మాట్లాడుతోందట. ఊరికే మాట్లాడతారా ఎవరైనా?"

"నువ్వు ఇప్పుడు మాట్లాడటం లేదూ?"

"నా మాట వేరు. నాన్న చేతి పని అక్కా అది. ఆ పెట్టె మా ఇంట్లో ఉంటే బీరువాలో ఉంటుంది. ఇక్కడ అడిగే దిక్కులేదు."

"దిక్కు నేనే కదరా."

"నీకు అందరూ మంచివాళ్ళే. నీ ప్రార్థన నువ్వు చేసుకో, కానీ కళ్ళు తెరిచి చేసుకో."

వాడికి నోరు ఎక్కువ. వాడి మాట పట్టించుకోనవసరం లేదు.

బుధవారం. అది ఎనిమిదింటికి వచ్చిన రోజు.

జూన్ 12, సోమవారం

పెట్టె తీశాను. నాన్న ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు లేబుళ్ళు గీశారు. సబ్బులకి, దారపు ఉండలకి, విత్తనాల పొట్లాలకి, తలనూనె సీసాలకి. ఒక్కో రకం ఒక్కో కవరులో నేనే సర్దాను. అసలు కాగితానికి కత్తెర తగలకూడదనీ, రంగు జిరాక్సు తీసుకునే పని చెయ్యాలనీ మొదటిరోజే అనుకున్నాం. చిట్టి నా చేతిలో చెయ్యివేసి మాటిచ్చింది.

దారాలు ఉన్నాయి. విత్తనాలు ఉన్నాయి. సబ్బులు, చిలక బొమ్మ లేబుళ్ళతో సహా, ఉన్నాయి. నూనె సీసాలు ఉన్నాయి.

అన్నీ ఉన్నాయి.

జూన్ 13, మంగళవారం

నిన్న రాసింది నిజం కాదు. అన్నీ లేవు. అడుగున పరిచిన అట్ట కింద చిలకల షీటు లేదు.

నేను వెతికింది దానికోసం కాదు. అట్ట వంకరగా ఉంటే సర్దుదామని లేపాను.

పెట్టెకి తాళం కొని తెచ్చాను.

జూన్ 14, బుధవారం

చిట్టి తాళం చూసింది. వేలితో ఒకసారి ఊపింది. "కొత్తదా?" అంది. "ఊఁ," అన్నాను. "బాగుంది," అని పళ్ళెం కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

దొంగ అయితే ఉలిక్కిపడాలి. ఉలిక్కిపడలేదు. ముందే అనుకుని ఉందన్నమాట.

జూన్ 15, గురువారం

దుకాణం ఆవిడ ఒక ప్లేటు వెనక్కి తెచ్చింది. మా ప్లేట్లు అమ్మేది ఆవిడే. నా చెయ్యి పట్టుకుని ప్లేటుని కిటికీ వైపు ఎత్తించింది.

"చూడండి వదినగారూ, చిలక పొట్టలో. నరాల్లాగా."

చూశాను. ఆకుపచ్చ పొట్టలో, ఈకల కింద, నీలం గీతలు. సన్నగా, వంకరగా.

"కొన్నావిడ చిలకకి జబ్బు చేసిందా అని అడిగింది. నేనేం చెప్పను? మీరెప్పుడూ ఇలా ఇవ్వలేదే."

"కాగితం లోపం," అన్నాను.

"మిగతా అయిదూ మా దగ్గరే ఉన్నాయి. వాటికీ కొంచెం కొంచెం ఉన్నట్టే ఉంది. నా కళ్ళకేనా అలా?"

"మీ కళ్ళకే," అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

జిరాక్సు కాగితంలో అలా రాదు. నాన్న కాలపు కాగితం పల్చన. జిగురు తడి తగిలితే వెనక రాసిన సిరా ముందుకి ఉబికి వస్తుంది. అసలు షీటే కోసింది.

ఆ నీలం సిరా నాకు తెలుసు.

జూన్ 16, శుక్రవారం

రాయనని అనుకున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా రాయకపోతే ఇంకెక్కడ.

ప్రెస్సులో చెడిపోయిన షీట్లు పారేసేవాళ్ళు కారు. ఉత్తరాలన్నీ వాటి వెనకే రాసేవాళ్ళు. మా ఇంటికి వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఒక వైపు సబ్బో, నూనెసీసానో ఉండేది. నాన్నకి పక్షవాతం వచ్చిన ఏడు, ప్రెస్సాయన రెండు ఉత్తరాలు రాశారు. మొదటిదాంట్లో నాన్న కుర్చీ చిట్టికి ఇస్తామనీ, పంపమనీ. చిట్టికి అప్పుడు పంతొమ్మిది. చేతిలో పెన్సిల్ లేకుండా చూసింది లేదు. ఆ ఉత్తరం చింపేశాను. చిట్టికి ఇష్టం లేదని జవాబు రాశాను. ఆయన నమ్మక రెండోది రాశారు. దానికి జవాబు రాయలేదు.

రెండోది చింపలేకపోయాను. వెనక నాన్న చిలకలున్నాయి, ఆరు, వరసకి మూడు. ఆయన గీసినవాటిలో అంత బాగా వచ్చినవి ఇంకేవీ లేవు. అందుకని అట్ట కింద పెట్టాను. ఇరవై రెండేళ్ళు.

అది చదివిందో లేదో నాకు తెలియదు. చదవకుండా కూడా కొయ్యొచ్చు. తెల్లరంగు వేసింది కాబట్టి చదివింది. కాదు, అసలు షీటు కోసిన సంగతి నాకు తెలియకూడదని కూడా వేసి ఉండొచ్చు. అదే అయి ఉంటుంది.

తప్పు దానిదే. మాటిచ్చి తప్పింది.

జూన్ 18, ఆదివారం

తమ్ముడితో అన్నాను. చిట్టి అసలు కాగితాలు కోసిందని. మిగతాది చెప్పలేదు.

"నేను చెప్పలా?" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "ఇంకేం ఆలోచిస్తున్నావు? దాన్ని వేరే గది చూసుకోమను. మందుల షాపు పక్క సందులోనే బోలెడు ఉంటాయి. రోజూ నడక తప్పుతుంది దానికి కూడా."

"చూద్దాం."

"చూద్దాం అంటే నువ్వు చూడవు. నేను చెప్పనా?"

"నేనే చెబుతాను. వచ్చే ఆదివారం పెట్టె పట్టుకెళ్ళు."

వాడు వెళ్ళాక ప్రార్థనకి కూర్చున్నాను. న్యాయం చేసే బలమివ్వమని అడిగాను. న్యాయం అన్నమాటే వాడాను. చాలాసేపు కూర్చున్నాను. జవాబుగా తోచింది ఒక్కటే, రేపు అది పనికి వెళ్ళాక ప్లేటు వెనక రంగు తీసి చూడమని. అది దేవుడి మాటో నా మాటో.

జూన్ 19, సోమవారం

పొద్దున దుకాణానికి వెళ్ళి మిగతా అయిదూ తెచ్చాను. వార్నిష్ సరిగా కుదరలేదని అబద్ధం చెప్పాను.

బ్లేడుతో అంచు లేపితే వార్నిష్, ఆకుపచ్చ, తెలుపు మూడూ కలిసి పొరలా వచ్చాయి. తెలుపు రెండుసార్లు వేసింది. కింద జిగురు పూత నున్నగా ఉంది. పనిమంతురాలు. బుడగ ఒక్కటి లేదు.

ఒక్కో ప్లేటుకి ఒక్కో చిలక. ఒక్కో చిలక వీపున ఉత్తరంలో ఒక్కో ముక్క, చిలక ఆకారంలో. ముక్కు దగ్గర ఒక మాట, తోక దగ్గర ఇంకో మాట.

మొదటిది: ఈ పని ఇష్టం లేదని మీరు రా

రెండోది: నా బల్ల దగ్గర నిలబడి కోడిపుంజు గీ

మూడోది: చేయి మీ నాన్నగారి చే

నాలుగోది: కుర్చీలో వేరేవాళ్ళ

అయిదోది అలికిపోయింది. నెలాఖరు అన్న మాట ఒక్కటే.

ఆరోది: ఒక్కసారి తననే రాయమ

చిలకకీ చిలకకీ మధ్య ఉన్న మాటలు లేవు. నాకు అవి లేకపోయినా పరవాలేదు. మొత్తం కంఠతా వచ్చు.

ఆరూ తుడిచి మళ్ళీ తెల్లరంగు వేద్దామని సీసా తీశాను. మూత తియ్యలేదు. ఎందుకో బల్ల మీద అలాగే వదిలేశాను, వీపులు పైకి పెట్టి.

జూన్ 20, మంగళవారం

నిన్న సాయంత్రం జరిగింది ఇవాళ రాస్తున్నాను.

చిట్టి వచ్చింది. చెప్పులు విడిచి, సంచి తగిలించి, బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆరింటినీ చూసింది. నేను కుర్చీలో ఉన్నాను.

"రెండు పూతలు వేశాను," అంది. "అయినా బాగానే ఊడొచ్చిందే."

"అసలు కాగితం కొయ్యనని మాటిచ్చావు," అన్నాను.

ఇరవై రెండేళ్ళకి నోరు తెరిచి నేనన్న మొదటి మాట అది. రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"ఇచ్చాను," అంది.

"మరి?"

"చింపేద్దామనుకున్నాను. నాన్న చిలకలు అడ్డొచ్చాయి. వాటిని మటుకు ఉంచి, మిగతాది పొయ్యిలో పడేశాను."

నేనూ అందుకే చింపలేదని పైకి అనలేదు.

"ఎప్పుడు చూశావు?"

"మే నెలలో నాకు జలుబని నాలుగు రోజులు మంచం దిగలేదు చూడు. అప్పుడు. జలుబు లేదు."

ఆ నాలుగు రోజులూ గంటగంటకీ నుదుటి మీద చెయ్యేసి చూసింది నేనే. ఒళ్ళు చల్లగానే ఉందని ప్రార్థనలో కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను.

"ఆ గడ్డపాయనతో అరగంట మాట్లాడావట."

"అబ్బో, అదీ వచ్చిందా ఇంటిదాకా. వెనక సిరా ముందుకి కనపడకుండా ఏం చెయ్యాలని అడిగాను. కొయ్యకుండా ఉండాల్సిందమ్మా అన్నాడు. అరగంటలో ఇరవై అయిదు నిమిషాలు అదే అన్నాడు."

నవ్వొచ్చింది. ఇద్దరికీ. ఇద్దరం ఆపుకున్నాం.

"నన్ను అడగొచ్చుగా," అన్నాను.

"నువ్వు చెప్పొచ్చుగా."

కుర్చీ లాక్కుని కూర్చుంది. వాచిన కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుంది.

"నేను బాధపడతానని దాచావా?" అన్నాను. అలా అయితే బాగుండునని ఉంది నాకు.

"నీ కోసం కాదక్కా. నా కోసం. ఇది బయటపడితే నువ్వు క్షమించమంటావు. నిన్ను నేనెరగనా, కళ్ళు మూసుకుని చేతులు జోడిస్తావు. అప్పుడు నేను పోనీలే అక్కా అనాలి. అనకపోతే చెడ్డదాన్ని. నాకు ఆ మాట అనాలని లేదు. ఇంకా లేదు. అందుకని రంగేశాను."

నా చేతులు అప్పటికే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. విడదీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నీకు ఇష్టం లేదని రాసింది నేనే," అన్నాను. "నిన్ను అడగలేదు. నాన్న మంచం పక్కన ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసింది. తమ్ముడు అప్పటికే వెళ్ళిపోయాడు. నువ్వూ పోతే ఈ ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదనిపించింది. నాన్న కోసం అనుకున్నాను. నాన్న కోసం కాదు."

"అది ఉత్తరంలో లేదు," అంది చిట్టి.

"లేదు."

"ఇప్పుడు చెప్పావు."

"ఊఁ."

వేసుకున్న కాళ్ళు కిందికి దించింది. "నన్ను వేరే గది చూసుకోమంటున్నావట. అన్నయ్య షాపుకి ఫోన్ చేశాడు, సందులో ఒకటి ఖాళీగా ఉందని. ఉత్తరం దాచింది నువ్వు, చదివింది నేను. సామాను సర్దుకునేది కూడా నేనేనా?"

నేను చెబుతానన్నా వాడు ఆగలేదు. వాడి మీద కోపం రాలేదు. మొదట వాడితో అన్నది నేనే.

"వద్దు," అన్నాను. "ఉండు."

"ఉండమని నువ్వంటే ఉండను. నాకు ఉండాలనిపిస్తే ఉంటాను."

లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది.

జూన్ 21, బుధవారం

ఎవరికి వాళ్ళం వడ్డించుకున్నాం. పళ్ళాలు కడుక్కున్నాం.

జూన్ 22, గురువారం

పెట్టె తాళం తీసి పారేశాను.

జూన్ 23, శుక్రవారం

చిట్టి పని నుంచి వచ్చి తెల్లరంగు సీసా నా ముందు పెట్టింది.

"దుకాణం ఆవిడ సోమవారానికి కావాలంది. మళ్ళీ వెయ్యి. నీ వంతే కదా."

"వేస్తే మళ్ళీ దాచినట్టు."

"నాకు తెలుసు, నీకు తెలుసు. కొనుక్కునేవాళ్ళకి చిలక చాలు. నరాలు కనపడకుండా ముందు వెండి రంగు పల్చగా కొట్టమన్నాడు గడ్డపాయన. చివరి అయిదు నిమిషాల్లో చెప్పాడు."

ముందు వెండి, దాని మీద తెలుపు వేశాను. మొదటిది, ఇష్టం లేదని మీరు రా. అది పక్కనే నిలబడి చూసింది. రెండోది వేశాను. మూడోది తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది అమ్మేది కాదు."

మొదటిది తీసుకుంటుందనుకున్నాను. నా మీద సాక్ష్యం అదే కదా. చిట్టి తీసుకున్నది మూడోది, చేయి మీ నాన్నగారి చే.

"ఇది నా చేతి గురించి రాసింది," అంది. "మిగతావి నీకు రాసినవి. నువ్వు వేసుకో."

తన గదిలో మంచం ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించింది. చిలక గోడ వైపు, అక్షరాలు గది వైపు. ఆ గది రోజూ ఊడ్చేది నేను.

జూన్ 24, శనివారం

ఊడ్చాను.

జూన్ 25, ఆదివారం

తమ్ముడు ఆటో మాట్లాడుకుని వచ్చాడు, పెట్టె కోసం. చిట్టి వంటింటి బల్ల దగ్గర కత్తిరిస్తోంది. దారపు ఉండల లేబుళ్ళు, జిరాక్సులు. అన్నయ్య వచ్చాడని తల ఎత్తలేదు.

"ఇంకా ఇక్కడే ఉందేమిటి?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. తగ్గించినా వాడి గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

"పెట్టె ఇవ్వడం లేదురా," అన్నాను. "అది చిట్టిది."

"నాన్నది."

"నాన్నదే. చిట్టికి వెళ్ళాలి."

వాడు నన్ను పైకీ కిందికీ చూశాడు. నాకు ఏదో మందు పెట్టారన్నట్టు. పెట్టె చిట్టి గదిలో ఉందేమోనని అటు నడిచాడు. వాడికి ఏ గదిలోకైనా అడగకుండా వెళ్ళే అలవాటు. వెనకే వెళ్ళాను. గుమ్మంలో ఆగి గోడ వైపు చూస్తున్నాడు.

"ఇదేమిటి, ప్లేటు తిరగేసి తగిలించింది. బుద్ధుందా దీనికి?" దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించి చదివాడు. "చేయి మీ నాన్నగారి చే... ఎవరి చెయ్యి? ఎవరు రాశారిది?"

పాత కాగితం, ఏదో ప్రెస్సు ఉత్తరం, నాకేం తెలుసు. మూడు జవాబులు నోట్లోకి వచ్చాయి. మూడూ ఎంత సులువుగా వచ్చాయో. వంటింట్లోంచి కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"చిట్టి చెయ్యిరా," అన్నాను. మెల్లిగా అనలేదు. వంటింటికి వినపడాలనే అన్నాను. "నాన్న కుర్చీ దీనికి ఇస్తామని ప్రెస్సాయన రెండుసార్లు రాశారు. దీనికి తెలియనివ్వలేదు. ఇష్టం లేదని నేనే రాసేశాను. దీని జీవితం అలా పోవడానికి కారణం నేను."

తమ్ముడు మళ్ళీ ప్లేటు వైపు తిరిగాడు.

కత్తెర చప్పుడు ఆగింది.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కళ్ళు మూసుకోలేదు. చేతులు జోడించలేదు. బయట ఆటో వాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

తర్వాత కత్తెర మళ్ళీ మొదలైంది.